మేనల్లుడి వెన్నుపూస మీద అప్పీలు

మా మేనల్లుడు సైన్యం నుంచి హవల్దారుగా దిగి వచ్చినప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చుకున్నాడు. పెట్టె, పరుపు వాళ్ళ ఊరికి పోయాయి. ఫైలు మాత్రం గిద్దలూరులో నా దగ్గరికి వచ్చింది.

నేను తపాలా శాఖలో పనిచేసి సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ రాస్తున్నాను. వాన పడిందా, ఎవరు వచ్చారు, ఏం మాట్లాడుకున్నాం, అంతే. అంతకు మించి అందులో ఏమీ ఉండదు. కానీ రోజూ రాసేవాడికి కాగితాల సంగతి తెలుస్తుందని మా బంధువులకు ఒక నమ్మకం. ఎవరికి ఏ ఆఫీసు నుంచి ఏది వచ్చినా ముందు నా బల్ల మీదికి వస్తుంది. మా చెల్లెలి కొడుకు ఫైలు కూడా అట్లాగే వచ్చింది.

అందులో పై కాగితం మెడికల్ బోర్డు వాళ్ళది. సర్వీసు ముగించుకొని పోయే ప్రతి సైనికుణ్ణీ డాక్టర్లు ఒకసారి పూర్తిగా చూసి, ఒంట్లో ఏం పాడైందో, అది ఎంత శాతమో రాసి పంపిస్తారు. మావాడికి రాసింది వెన్నుపూస గురించి. కింది భాగం అరిగిపోయి బిగుసుకుపోయింది, వైకల్యం ఇరవై శాతం, జీవితాంతం ఉంటుంది అని ఒక గడిలో ఉంది. దాని పక్కన ఇంకొక గడి. ఈ ఇరవైలో సర్వీసు కారణంగా వచ్చింది ఎంత అని. అందులో నిల్ అని రాసి ఉంది. కింద కారణం కూడా రాశారు: సర్వీసు వల్ల కలిగింది కాదు, సర్వీసు వల్ల ముదిరింది కూడా కాదు, స్వస్థలంలోని తాగునీటి వల్ల వచ్చే ఎముకల వ్యాధి కావచ్చు.

నేను మొదటి గడి మాత్రం చూసి, ఇరవై ఇచ్చినారు గదా, మంచిదే గదా అన్నాను.

"ఇచ్చినారు మామా. ఇచ్చి, పక్క గడిలో మళ్ళా తీస్కున్నారు," అన్నాడు వాడు.

వాడికి మామూలు పెన్షన్ వస్తుంది. తిండికి లోటు లేదు. కానీ ఇద్దరు పిల్లల చదువులకు అది చాలక మార్కాపురంలో ఒక బ్యాంకు ముందు గార్డుగా నిలబడుతున్నాడు. నిలబడటమే ఆ ఉద్యోగం. సాయంత్రానికి నడుము నుంచి కాలి మడమ దాకా లాగుతుందట. బస్సు దిగి ఇంటికి పోయేటప్పుడు దారిలో ఎక్కడో ఒకచోట ఆగి, గోడ పట్టుకొని, మళ్ళీ నడవాలి. వైకల్యపు పెన్షన్ కూడా కలిస్తే ఆ పని మానుకోవచ్చు. ఇది ఒకటి. రెండోది వాడు నాకు ఎప్పుడూ నేరుగా చెప్పలేదు గాని ఫైలు తిప్పే తీరులో తెలిసేది. తాను కొండ మీద పడ్డానని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని వాడి కోరిక.

పడిన సంగతి నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఉత్తరాన బాగా ఎత్తులో ఉన్న ఒక పోస్టులో ఉండగా కిరోసిన్ డబ్బా వీపుకు కట్టుకొని మంచు దారిలో పోతూ జారాడు. దొర్లుకుంటూ పోయి కింద ఒక రాతి అరుగు మీద పడ్డాడు. డబ్బా కింద, వీడు పైన. వెనక వస్తున్నవాడు తాడు వేసి లాగాడు. వాతావరణం బాగాలేక హెలికాప్టరు వచ్చే వీలు లేదు. పడుకుంటే తన కాపలా వంతు మిగతా నలుగురి మీద పడుతుందని మాత్రలు మింగి అట్లాగే నిలబడ్డాడు. ఆ విడత ముగిసి కిందికి దిగేసరికి చాలాకాలం గడిచిపోయింది. అప్పుడు చూసిన డాక్టరు నడుము నొప్పి అని రాశాడు. జారిపడటం అన్న మాట ఏ కాగితంలోనూ లేదు. తర్వాత వాణ్ణి కొండలకు పంపలేదు, బరువులు ఎత్తనివ్వలేదు, స్టోర్సులో కూర్చోబెట్టారు. అంటే వాళ్ళకూ తెలుసు.

ఇక నీళ్ళ సంగతి. మా చెల్లెలిని ఇచ్చిన ఊరు పొదిలి దాటి కనిగిరి వైపు పోయే దారిలో లోపలికి ఉంటుంది. ఆ పక్క బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. మా గిద్దలూరు అడవి పక్క ఊరు, ఇక్కడి నీళ్ళు అప్పట్లో బాగుండేవి. ఇప్పుడు ఆ ఊళ్ళకు పిల్లనివ్వాలంటే పొలం ఎంతని అడగకముందు నీళ్ళెట్లాంటివని అడుగుతారు. మా నాయన కాలంలో ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. పొలం చూశాడు, మనుషుల్ని చూశాడు, ఇచ్చాడు.

అందుకని మా చెల్లెలికి, ఆమె కొడుక్కి ఒక తేడా ఉంది. ఆమె చిన్నతనం ఇక్కడ గడిచింది కాబట్టి పళ్ళు ఇప్పటికీ తెల్లగానే ఉంటాయి. అక్కడికి పోయాక తాగిన నీళ్ళు మాత్రం ఎముకల్లోకి దిగాయి. నడుము దగ్గర రెండుగా మడిచినట్లు వంగిపోయింది. నేలను చూస్తూ నడుస్తుంది. ఎవరితోనైనా మాట్లాడాలంటే తల పక్కకు తిప్పి కిందినుంచి పైకి చూడాలి. కొడుకు అక్కడే పుట్టి పెరిగాడు కాబట్టి వాడికి గారపళ్ళు. నోరు తెరిస్తే గోధుమరంగు చారలు. పద్దెనిమిదో పందొమ్మిదో ఏట సైన్యంలోకి పోయాక నడుము వంచి పరుగెత్తాడు, గోడలు ఎక్కాడు, గోతులు దూకాడు.

ఆ ఊళ్ళలో ఒక అలవాటు ఉంది. ఎవరు ఏ నొప్పి చెప్పుకున్నా నీళ్ళు అంటారు. మోకాలు పట్టింది, నీళ్ళు. మెడ తిరగలేదు, నీళ్ళు. బస్సు ఎక్కడం ఆలస్యమైతే కండక్టరుకు చెప్పేదీ అదే, చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళు కాళ్ళు చాపుకొని చెప్పేదీ అదే. రోగం పేరు కాదు అది. బాగున్నారా అంటే బాగున్నాం అన్నట్లు నోటికి వచ్చే మాట.

బోర్డులో డాక్టరు వాడి నోరు తెరవమని, పళ్ళు చూసి, ఏ ఊరని అడిగాడట. వీడు మా ఊరి నీళ్ళే అట్లాంటివి సార్, మా ఊళ్ళో అందరికీ నడుము ఇంతే అని హిందీలో నవ్వుతూ చెప్పాడట.

ఎందుకు చెప్పావురా అని అడిగాను. కోప్పడి కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

"ఏమో మామా. ఎవురన్నా అడిగితే మనం చెప్పేది అదే గదా."

ఆ మాటనే వాళ్ళు రాసుకున్నారు.

గిద్దలూరు పక్కన సైన్యానికి పోయినవాళ్ళు లేని వీధి తక్కువ. అందుకే ఇట్లాంటి అప్పీళ్ళు రాసిపెట్టే మనుషులూ ఉన్నారు. మాకు దొరికింది ఒక రిటైర్డ్ సుబేదారు. మాజీ సైనికుల సంఘం గదిలో పొద్దున పూట కూర్చుంటాడు. మీసం నెరిసినా గొంతు తగ్గలేదు. ఫైలు చూస్తూనే మావాణ్ణి వెనక్కి తిరగమన్నాడు, వంగమన్నాడు, చేయి పైకెత్తమన్నాడు. వాడు మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూడటం చూసి, నవ్వకుండా నాతో అన్నాడు.

"తీస్కునేటప్పుడు పళ్ళు చూసే తీస్కున్నారు గదా సార్, ఎద్దును కొన్నట్ల. అప్పుడు గార కనపళ్ళేదా? దున్నుకున్నన్నాళ్ళు దున్నుకొని, ఇప్పుడు అమ్మినోడి తప్పంటే ఎట్ల?"

హాస్యంగా అన్నా అదే మా వాదన. సైన్యంలో చేరేటప్పుడు వాళ్ళ డాక్టర్లే పరీక్ష చేసి ఆరోగ్యంగా ఉన్నాడని తీసుకున్నారు. అప్పుడు లేని జబ్బు సర్వీసులో ఉండగా వస్తే అది సర్వీసు వల్లనే వచ్చిందని ముందుగా అనుకోవాలని, కాదంటే ఎందుకు కాదో వాళ్ళే చూపించాలని నియమం ఉందట. పళ్ళ మీది గార చిన్నప్పటి నీళ్ళకు గుర్తే తప్ప నడుముకు గుర్తు కాదని ఇంకొక ముక్క. ఆరోజు తాడు వేసి లాగినవాడు ఎక్కడో హిమాలయాల కింద ఊళ్ళో ఉన్నాడు. మావాడు ఫోన్ చేస్తే మర్నాడే నోటరీ దగ్గరికి పోయి ప్రమాణపత్రం రాయించి పంపాడు. మా గురించి ఏమీ అడగలేదు. కవరులో కొంచెం అక్రోట్లు కూడా పెట్టి పంపాడు.

అప్పీలు నేనే సొంతంగా రాశాను. సంఘటన, తర్వాత చికిత్స, తర్వాత స్టోర్సుకు మార్చడం, అన్నీ వరుసలో. సుబేదారు చదివి రెండుచోట్ల కొట్టేశాడు. నొప్పిని గురించి ఎక్కువ రాసినారు సార్, వాళ్ళకు నొప్పి అక్కర్లేదు, కారణం కావాలి అన్నాడు. కొట్టేసినవి బాగానే కొట్టేశాడు. రిజిస్టర్ పోస్టులో పంపి, రసీదు ఫైలులో పెట్టాం. జవాబు రావడానికి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టింది. నగరంలో ఉన్న మిలిటరీ ఆసుపత్రిలో మళ్ళీ బోర్డు చూస్తుంది, రమ్మని రాశారు.

మళ్ళీ చూస్తామన్నారంటే మొదటి రాత తప్పేమోనని వాళ్ళకే అనుమానం వచ్చిందని నేను అనుకున్నాను. ఆరోజు డైరీలో ఆ మాటే రాశాను.

నేను తోడు పోతానన్నాను. మా చెల్లెలు తానూ వస్తానంది. ఎందుకమ్మా అంత దూరం, కూర్చోలేవు అంటే ఒప్పుకోలేదు.

"బిడ్డను ఆస్పత్రికి తీస్కపోతా నన్ను ఇంటికాడ కూర్చోమంటావేందన్నా? చుట్టాలోళ్ళ బిడ్డయితే కూర్చుంటా."

నలభై దాటిన హవల్దారు ఆమెకు బిడ్డే. మా పక్కవాళ్ళు ఆసుపత్రికి ఒక్కరే పోరు. పోయినవాళ్ళ వెంట ఇంట్లో పెద్ద ఎవరైనా పోవాలి, వరండాలో కూర్చోవాలి. అది ధైర్యమో, మర్యాదో, రెండూనో. ఎవరమూ ఇంకొక మాట అనుకోలేదు. సుబేదారుకు కూడా చెప్పలేదు, చెప్పాల్సిన సంగతని మాకు తోచలేదు.

ఆసుపత్రి శుభ్రంగా ఉంది. వరండాలో బెంచీలు, గోడకు సున్నం గీతలు, చెట్ల మొదళ్ళకు ఎర్రరంగు. మావాడు ఆ ఆవరణలోకి అడుగుపెట్టగానే తెలియకుండానే నిటారుగా నిలబడ్డాడు. ఒక్కడినే లోపలికి పిలిచారు. చాలాసేపు చూశారట. ఈసారి నీళ్ళ మాట తన నోట రానివ్వలేదు. పడిన సంగతి, తాడు సంగతి, మాత్రల సంగతి చెప్పాడు. ముగ్గురు డాక్టర్లలో ఒకామె శ్రద్ధగా విని, దెబ్బ ఎక్కడ తగిలిందో వేలితో చూపించమని అడిగిందట. బయట కూర్చోండి, మళ్ళీ పిలుస్తాం అన్నారు. వచ్చి మా పక్కన కూర్చున్నాడు. వాడి ముఖం కొంచెం తేలికగా కనిపించింది.

మా చెల్లెలు అప్పుడు నీళ్ళసీసా కోసం లేచి, మళ్ళీ బెంచీ మీద కూర్చోబోతూ ఆపసోపాలు పడుతోంది. కూర్చోవాలంటే ఆమె ముందు బెంచీ అంచు రెండు చేతులా పట్టుకోవాలి, తర్వాత నెమ్మదిగా తిరగాలి. సరిగ్గా ఆ సమయానికి ఆ డాక్టరమ్మ బయటికి వచ్చింది. యూనిఫాం మీద తెల్లకోటు. నాకు కూతురి వయసు ఉంటుంది. గబగబా వచ్చి మా చెల్లెలి చేయి పట్టి కూర్చోబెట్టింది. తలగడ తెప్పించి వీపు వెనక పెట్టించింది. ఎవరీమె అని మావాణ్ణి హిందీలో అడిగింది. మా అమ్మ అని చెప్పాడు. ఎప్పటినుంచి ఇట్లా ఉంది, ఏమైంది అని అడిగింది.

వాడు తల్లి వైపు ఒళ్ళంతా తిప్పాడు. "ఎప్పట్నించీ ఇట్ల ఉంది, ఏమైంది అని అడుగుతుందమ్మా డాక్టరమ్మ."

మా చెల్లెలి ముఖం విప్పారింది. అంత పెద్ద ఆసుపత్రిలో ఒక అధికారి తనను పట్టించుకుంది. తనమీద జాలి కలిగితే ఆ జాలి కొడుక్కి పనికొస్తుందని కూడా అనుకొని ఉంటుంది. తల పక్కకు తిప్పి, కిందినుంచి ఆమె ముఖంలోకి చూస్తూ మొదలుపెట్టింది.

"నీళ్ళమ్మా. మా ఊళ్ళో అందరం ఇంతే. నేను కాపురానికి వచ్చినాక మొదలైంది. మా ఇంటాయనకు చచ్చేనాటికి మెడ తిరగలా. వీడికి చిన్నప్పుడే పళ్ళకు పట్టింది సూడు, పిల్లోళ్ళు ఎగతాళి చేస్తే ఏడ్చుకుంటా వచ్చేటోడు."

డాక్టరమ్మ మావాడి వైపు చూసింది. వాడు బెంచీ మీది నుంచి లేచి నిలబడ్డాడు. నాకు హిందీ మాట్లాడటం రాదు గాని వింటే తెలుస్తుంది. వాడు చెప్పాడు. మొత్తం చెప్పాడు. నీళ్ళు అని చెప్పాడు, ఊళ్ళో అందరూ అని చెప్పాడు, నాయన మెడ చెప్పాడు. తన పళ్ళ దగ్గర మాత్రం గొంతు తగ్గింది, అయినా చెప్పాడు. రిపోర్టు ఇస్తున్నట్లు, చేతులు తొడల పక్కన పెట్టుకొని.

ఆమె తల ఊపింది. మా చెల్లెలి భుజం మీద చేయి వేసి నిమిరింది. చిన్న చీటీ మీద ఏదో మాత్ర పేరు రాసిచ్చి, ఇక బోరు నీళ్ళు తాగనివ్వద్దని మావాడికి చెప్పి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. మళ్ళీ పిలుస్తామన్నవాళ్ళు పిలవలేదు. సాయంత్రం ఒక గుమాస్తా వచ్చి, పోవచ్చు, ఫలితం పోస్టులో వస్తుందని చెప్పాడు.

తిరుగు బస్సులో మా చెల్లెలు ఆ చీటీ కొంగున కట్టుకొని కూర్చుంది. మంచి తల్లి, కళ్ళతో చూసింది గదా, ఈసారి రాస్తాది అంది. తర్వాత నిద్రపోయింది. వంగిన మనిషి కాబట్టి ముందు సీటు కమ్మీకి తల ఆనించి.

నేను మావాడితో నెమ్మదిగా అన్నాను. అంతా చెప్పకుండా ఉంటే పోయేది గదా అని.

"అమ్మ చెప్పిన మాట మార్చి చెప్పాల్నా మామా? ఎదురుగ్గా కూర్చోనుంటే?"

మార్చి చెబితే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆ డాక్టరమ్మ కళ్ళతో చూసింది. మాటలు రాకముందే చూసింది.

ఫలితం వచ్చింది. శాతం పెంచారు. ఇరవైని ముప్పై చేశారు. వెన్నుపూస మునుపటికంటే బిగుసుకుపోయిందని ఒప్పుకున్నారు. పక్క గడిలో మళ్ళీ నిల్. కింద కారణంలో కొత్తగా ఒక వాక్యం చేరింది: స్వస్థలంలో ఈ వ్యాధి వ్యాపించి ఉన్నదని, తల్లికి తీవ్రంగా ఉన్నట్లు బోర్డు స్వయంగా గమనించిందని. తాడు వేసి లాగినవాడి ప్రమాణపత్రం గురించి ఒక్క మాట లేదు.

మావాడు ఆ వాక్యం చదివి కాగితం మడిచాడు. అమ్మకు ఈ ముక్క చదవద్దు మామా అన్నాడు. సరే అన్నాను. మరుసటి ఆదివారం నేను వాళ్ళ ఊళ్ళో ఉండగా, బోర్డు కాగితం నకలు చదివి సుబేదారు ఫోన్ చేశాడు. మావాడు మెడ పట్టేస్తుందని ఫోన్ చెవికి ఆనించుకోడు కాబట్టి ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడతాడు. సుబేదారు గొంతు వంటింటి దాకా వినిపించింది. ముప్పై చేసి నిల్ అన్నారంటే బరువు పెంచి బండి మాది గాదన్నట్ల ఉంది అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు.

"పెద్దమ్మను ఎందుకు తీస్కపోయినావబ్బా? నాతో ఒక్క మాట అంటే వద్దందును గదా."

మావాడు ఫోన్ తీసుకొని బయటికి పోయాడు. అప్పటికే పొయ్యి దగ్గర చప్పుడు ఆగిపోయింది. కొంతసేపటికి మా చెల్లెలు అన్నం పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. మజ్జిగ కావాలా అని మాత్రం అడిగింది.

మిగిలింది ట్రిబ్యునల్. సైనికుల కేసులు చూసే కోర్టు అది. నగరంలో ఒక లాయరు పేరు సుబేదారే చెప్పాడు. ఆ లాయరు ఫోన్‌లో ఫైలంతా విని ఒక సలహా ఇచ్చాడు. నీళ్ళ వల్ల వచ్చే జబ్బయితే ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి ఎక్స్‌రేలో కనిపిస్తుందట. చేతికి ఎక్స్‌రే తీయించండి, అక్కడ ఏమీ లేకపోతే బోర్డు రాసింది తప్పని చేతిలో పెట్టి చూపించవచ్చు అన్నాడు. మాకు మళ్ళీ ఆశ పుట్టింది. వాడు ఊరు విడిచిన వయసు, అప్పటినుంచి తాగిన నీళ్ళన్నీ బయటి నీళ్ళే కావడం, అంతా కలిపి చూస్తే చేతిలో ఏమీ ఉండదని నేను అనుకున్నాను.

మార్కాపురంలో ఎముకల డాక్టరు దగ్గర చేతికి, నడుముకు రెండింటికీ తీయించాం. ఈసారి మా చెల్లెలు వస్తాననలేదు. మేమూ పిలవలేదు. డాక్టరు ఫిల్ములు వెలుగు పెట్టెకు తగిలించి చాలాసేపు చూశాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ముంజేతి ఫిల్ము మీద పెన్ను కొసతో చూపించాడు. రెండు ఎముకల మధ్య సన్నగా, అంచు గరుకుగా, ఒక గీత మొదలవుతోంది. ఇది నీళ్ళది, కొంచెమే అన్నాడు. నడుము ఫిల్ము మీద ఒక పూస చూపించాడు. మిగతా వాటికంటే ముందు పక్క నలిగి, గూటం దెబ్బ తగిలిన చెక్కలా ఉంది. ఇది పడినది, పాతది అన్నాడు.

మావాడు అడిగాడు. "అయితే ఏది ఎంత సార్?"

"అది నేను చెప్పలేను. నీళ్ళు పట్టిన ఎముక కాబట్టి పడినప్పుడు ఎక్కువ నలిగిందేమో. పడింది కాబట్టి బిగుసుకోవడం ఎక్కువైందేమో. రెండూ కలిసిపోయినాయి. విడదీసి ఇంత శాతం అని ఏ డాక్టరూ నిజాయితీగా రాయలేడు."

మరి బోర్డు వాళ్ళు రాసినారు గదా సార్ అని నేను అన్నాను. ఆయన ఫిల్ములు కవరులో పెట్టి ఇచ్చాడు.

బస్టాండులో కూర్చొని లాయరుకు ఫోన్ చేశాం. చేతి ఫిల్ము పక్కన పెట్టేయండి, నడుము ఫిల్ము ఒక్కటే పంపండి అన్నాడు. మన చేత్తో మనమే వాళ్ళకు సాక్ష్యం ఇచ్చినట్లవుతుంది అన్నాడు. చట్టం దాచమనదు, చూపమనీ అనదు అని కూడా అన్నాడు. మావాడు స్పీకరు ఆపి, కవరు ఒళ్ళో పెట్టుకొని పొదిలి బస్సు కోసం చూశాడు. బస్సు ఎక్కాక అన్నాడు.

"రెండూ పెట్టు మామా. ఉన్నదే గదా. ఒకటి దాచి ఒకటి చూపిస్తే, రేపు వాళ్ళు ఇచ్చినా నాకు నిలవదు."

నేను వద్దనలేకపోయాను, సరేననీ అనలేకపోయాను. ఆ తర్వాత కాగితాలు అట్లాగే వెళ్ళాయి, రెండు ఫిల్ములతో. లాయరు విసుక్కున్నాడు గాని దాఖలు చేశాడు. అప్పటినుంచి వాయిదాలు పడుతున్నాయి. అవతలి వాళ్ళ జవాబులో చేతి ఫిల్ము గురించి రెండు పేరాలు ఉన్నాయి, నడుము ఫిల్ము గురించి ఒక వాక్యం ఉంది. సుబేదారు నాతో ఇప్పుడు వేరే సంగతులు మాట్లాడతాడు. బ్యాంకు ముందు మావాడు నిలబడుతూనే ఉన్నాడు.

ఎక్స్‌రే తీయించిన రోజు మేము ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. వాడి భార్య కుట్టుపని దగ్గరినుంచి రాలేదు, పిల్లలు ట్యూషన్‌లో ఉన్నారు. మా చెల్లెలు అరుగు మీద కూర్చొని ఉంది. మావాడు కవరు ఆమెకు కనబడకుండా పెట్టాలని చూడలేదు. అంత పెద్ద కవరు దాచే చోటు ఎక్కడా ఉండదు. ఆమె చేతులు చాపింది. ఫిల్ములు తీసి ఆకాశం వైపు పట్టుకోవాలని చూసింది. మెడ అంత పైకి లేవలేదు. అందుకని నేనే ఎండకు పట్టి, కిందికి దించి చూపించాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను, ఒక్క మాట విడవలేదు. దాచిపెట్టే ఓపిక నాకు ఆరోజు లేదు. ఆమె గీత చూసింది, పూస చూసింది, మళ్ళీ గీత చూసింది.

అప్పుడే ప్లాంటు నీళ్ళ ఆటో వచ్చింది. ఊళ్ళో శుద్ధి చేసిన నీళ్ళు అమ్ముతున్నారు ఇప్పుడు. ఆటోవాడు రోజూలాగే క్యాను గేటు లోపల దించి, ఖాళీది తీసుకొని పోయాడు. దాన్ని వంటింటి దాకా మోసేది కోడలు. మావాడు అలవాటు చొప్పున వంగబోయాడు, సగంలో నడుము పట్టి ఆగిపోయాడు. తల్లి వద్దురా వద్దురా అంటూ తాను లేచింది. నాకు హెర్నియా ఆపరేషన్ అయింది, బరువు ఎత్తకూడదు. ముగ్గురం ఆ క్యాను చుట్టూ నిలబడ్డాం. వీధిలో ఎవరైనా పోతే పిలుద్దామని గేటు బయటికి చూశాను. ఎవరూ లేరు.

మా చెల్లెలు లోపలికి పోయి చెంబూ బిందే తెచ్చింది. మావాడు గోడకు ఆనుకొని నేల మీద కాళ్ళు చాపి కూర్చున్నాడు. నేను క్యాను మూత తీసి ఒక పక్కకు వంచి పట్టుకున్నాను. ఆమె చెంబుతో పట్టి వాడికి అందిస్తే వాడు బిందెలో పోశాడు. చెంబు నిండటానికి కొంతసేపు పడుతోంది. కొన్ని నీళ్ళు నేలపాలవుతున్నాయి.

ఆమె చెంబు పట్టుకొని ఆగింది. తల పక్కకు తిప్పి నా వైపు చూసింది.

"ముప్పై అన్నారు గదన్నా. అందులో నాది ఎంత శాతం?"

క్యాను వంచి పట్టుకొని అట్లాగే ఉన్నాను.

"చెంబు ఇట్లియ్యమ్మా," అన్నాడు మావాడు.